దింపని మంద

వాసన మొదట అండాలుకే తెలిసింది. తెలిసి ఏం లాభం, నోరు విప్పలేదు. తన పొయ్యి మీద అన్నం మాడినా, పక్కింటి పొయ్యి మీద పాలు పొంగినా ముందు పసిగట్టే ముక్కు ఆమెది. ఇది అన్నమూ కాదు, పాలూ కాదు. నిప్పులో గొర్రెబొచ్చు పడితే వచ్చే కంపు లాంటిది. డీసీఎం లారీ ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. డ్రైవర్‌కు తెలియదా ఏం, చెప్పడానికి నేనెవరు అనుకుంది. ఈ అయిదారేళ్ళుగా ఆమె ప్రతి విషయంలోనూ అలాగే అనుకుంటోంది మరి.

డ్రైవర్ బాలస్వామికి తెలుసు. తెలిసే అతని చెంపల మీద చెమట కారుతోంది. మన్ననూరు దాటి ఘాటు రోడ్డు దిగడం మొదలుపెట్టినప్పుడు బండిని రెండో గేరులో వేసి ముసలి ఎద్దును నడిపించినట్టు నడిపించాడు. "ఏ గేరుల ఎక్కుతమో గదే గేరుల దిగాలె అన్నా, గిది ఘాటు" అని చెప్పాడు కూడా. చెబితే వినే మనిషైతే పెద్దులు ఎందుకవుతాడు!

"తమ్మీ, గిట్ల దేక్కుంట పోతే పొద్దుగూకుతది. ఎనక జీవాలు ఉడికిపోతున్నయి. వాటికి గాలి తగలాలె. జర జల్ది పోనీ" అన్నాడు పెద్దులు. ఒకసారి అంటే సరే అనుకోవచ్చు. మలుపు మలుపుకూ అదే పాట. బాలస్వామి మొదట నవ్వాడు, తర్వాత విననట్టు ఊరుకున్నాడు, చివరికి విసుగొచ్చి "నీ ఇష్టం తియ్" అంటూ పెద్ద గేరులోకి మార్చాడు. బండి పరుగందుకుంది. ఆ పరుగును ఆపడానికి బ్రేకు మీద పెట్టిన కాలు మళ్ళీ తీసే వీల్లేకపోయింది.

వెనక రెండంతస్తుల జాలీలో కుక్కినట్టున్న గొర్రెలు పెద్దులువీ అండాలువీ. కృష్ణ అవతల సంతలో కొని, తెల్లవారుతూనే బండికెక్కించి, కోస్గి దగ్గర వాళ్ళ ఊరికి తీసుకుపోతున్నారు. అసలు మాట చెప్పాలంటే అవి అండాలువి. పెళ్ళప్పుడు ఆమె తల్లి పసుపు కుంకుమ కింద రాసిచ్చిన మెట్ట చెలక అమ్మితే వచ్చిన గొర్రెలు. ఆ చెలక పోయాక వాళ్ళకు అమ్ముకునేందుకు ఇంకేమీ మిగలలేదు. ఈ మంద నిలబడితే ముసలితనానికి ఇంత గంజి, లేకపోతే ఇద్దరూ ఎవరి దొడ్డిలోనో పేడ ఎత్తాలి. ఈ సంగతి పెద్దులుకూ తెలుసు. తెలిసే అంత తొందర.

సగం ఘాటు దిగాక బాలస్వామి కాలు ఒక్కసారిగా కిందికి పోయింది.

"అయ్యో, పెడలు మెత్తవడ్డది" అన్నాడు. ఇంకోసారి తొక్కాడు, మళ్ళీ తొక్కాడు. తొక్కినప్పుడల్లా పెడలు పరుపులోకి దిగినట్టు దిగుతోంది. గేరు కిందికి లాగాడు. ఇంజను గొంతు చించుకుంది. అండాలు రెండు చేతులతో సీటు పట్టుకుని "మల్లన్నా, మల్లన్నా" అంది. ముందు మలుపు, మలుపు పక్కన లోయ. అదృష్టమో, వాళ్ళకు రాసిపెట్టిన దురదృష్టమో, మలుపుకు ఇవతల రోడ్డు పనికి పోసిన కంకర కుప్ప ఒకటి ఉంది. బాలస్వామి బండిని దాంట్లోకి ఎక్కించాడు. బండి బరబరమని కంకరలో కూరుకుపోయి, ఒక్క కుదుపుతో ఆగింది.

వెనక గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడ్డ చప్పుడు, తర్వాత అరుపులు.

దిగి చూస్తే వెనక చక్రాల దగ్గర తెల్లటి పొగ. బాలస్వామి పెద్ద రాళ్ళు రెండు దొర్లించి చక్రాలకు అడ్డం పెట్టాడు. పెద్దులు క్యాబిన్‌లో చెయ్యి పెట్టి హ్యాండ్ బ్రేకు లాగబోతే కేకేశాడు. "ముట్టకు! గా ఏడిల లాగితే లోపల లైనర్లు డ్రమ్ముకు అంటుకుంటయి. మల్ల ఊడయి. రాళ్ళు పెట్టిన గద, సాలు."

"ఇప్పుడేం జెయ్యాలె మరి?"

"ఏం జెయ్యొద్దు. గదే చెయ్యాలె. బ్రేకులు వాటంతటవే సల్లవడాలె. నీళ్ళు మాత్రం పొయ్యొద్దు, సుక్క కూడ. సల్లగయినంక బ్రేకు ఆయిల్ మార్చి సూస్తం. రెండు మూడు గంటలు పడ్తది."

"రెండు మూడు గంటలా!" పెద్దులు ఎండవైపు చూశాడు. ఎండ నెత్తి మీదే ఉంది. మే నెల ఎండ, అడవంతా ఆకు రాలి పుల్లలు పుల్లలుగా ఉంది. కానీ మలుపుకు కింద, వాన నీళ్ళు పోయే తూము దగ్గర కానుగ చెట్లు నాలుగు పచ్చగా నిలబడి ఉన్నాయి. నీడ కూడా బాగా పడుతోంది. అండాలు బండి దిగీ దిగగానే చూసింది వాటిని.

బాలస్వామి కూడా చూశాడు. "అన్నా, జీవాలను దింపుండ్రి. గా చెట్ల కిందికి తోలుండ్రి. బండి నడుస్తుంటెనే గాలి. ఆగిందంటే గా జాలీ పొయ్యి లెక్క అయితది."

"దింపేది లేదు" అన్నాడు పెద్దులు.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి, లేకపోతే పెద్దులును ఒట్టి మూర్ఖుడు అనుకుంటారు. మూర్ఖుడే, కాదనను. కానీ ఆ మూర్ఖత్వానికి ఒక కథ ఉంది. పెద్దులు తండ్రి గొర్ల కాపరి, తాత గొర్ల కాపరి. వాళ్ళింట్లో ఒక కట్టడి ఉంది. కొత్తగా కొన్న జీవాలు సొంత ఊరి పొలిమేర చేరి, వాటి మీద మల్లన్న బండారి, అంటే దేవుడి పసుపు, పడేదాకా పరాయి నేల మీద గిట్ట మోపకూడదు. మోపితే ఆ నేల పీడ మందకు చుట్టుకుంటుంది. పూర్వం నడిపించుకుంటూ వచ్చేవాళ్ళు కదా, అప్పుడు పరాయి నేల తొక్కకుండా ఎలా వచ్చాయని అడిగితే పెద్దులు దగ్గర జవాబు లేదు. అడిగే ధైర్యం అండాలుకూ లేదు.

సర్కారు గొర్రెలు పంచిన సంవత్సరం వాళ్ళకూ ఒక మంద వచ్చింది. దాన్ని ఇలాగే బండిలో తెస్తుంటే, కల్వకుర్తి దాటాక ఒక చెరువు కట్ట దగ్గర అండాలు పట్టుబట్టింది. "దూప అయితున్నట్టుంది, జర దింపుదం" అని. దింపారు. అవి కడుపు నిండా నీళ్ళు తాగాయి. ఇల్లు చేరిన పదిహేను రోజులకు మందలో పారుడు రోగం దిగింది. నోళ్ళు పుళ్ళయి, పేడ నీళ్ళయి, ఒక్కొక్కటే రాలిపోయాయి. గొర్ల డాక్టరు వచ్చి, ఇది సంతలోనే అంటింది, దింపినందుకు కాదు అని పెద్దులు మొహం మీదే చెప్పాడు. ఎవరు వింటారు? ఆ రోజు నుంచి పెళ్ళికి పోయినా చావుకు పోయినా పెద్దులు నోట ఒకటే మాట. "మా ఆడది తొవ్వల దింపింది, మంద ఊడ్సుకపోయింది." చెప్పగా చెప్పగా ఊరు నమ్మింది. రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు అండాలు కూడా నమ్మింది.

అందుకే బాలస్వామి దింపమన్నప్పుడు పెద్దులు ముందు భార్య వైపు చూశాడు. ఏమంటుందో అన్నట్టు కాదు, అను చూద్దాం అన్నట్టు. అండాలు తల దించుకుంది.

"ఇది పులులు తిరిగే అడివి" అన్నాడు పెద్దులు, ఇంకో కారణం కూడా ఉందని తెలియాలిగా. "దింపితే ఒక్కొక్కటి ఒక్కో దిక్కు వోతయి. మేం దింపం తమ్మీ, నువ్వు బండి సంగతి సూడు."

బాలస్వామి తల పట్టుకున్నాడు. అక్కడ ఫోను అందడం లేదు. కింది నుంచి బ్రేకు ఆయిల్ తేవాలి, కుదిరితే మెకానిక్‌ను కూడా. శ్రీశైలం నుంచి వస్తున్న ఒక కారు ఆపి ఎక్కబోతూ అండాలు పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "అక్కా, నేను హాజీపూర్ దాక పోయొస్త. నువ్వన్న చెప్పు ఆయినకు. నీ మాట ఇంటడేమో."

నీ మాట! అండాలుకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది.

కారు పోయింది. మొగుడూ పెళ్ళాం, బండి, బండిలో మంద మిగిలారు. చక్రాల దగ్గర పొగ తగ్గింది కానీ సెగ మాత్రం మూరెడు దూరం నుంచే మొహానికి కొడుతోంది. అండాలు జాలీ దగ్గరికి వెళ్ళి చూసింది. గొర్రెలు నోళ్ళు తెరిచి, నాలుకలు బయట పెట్టి, డొక్కలు ఎగరేస్తూ రొప్పుతున్నాయి. ముందు వరసలో మొహం మీద తెల్ల బొల్లి ఉన్న గొర్రె ఒకటి ఇనుప కడ్డీల మధ్య మూతి ఇరికించి ఆమెనే చూస్తోంది. సంతలో ఆ గొర్రెను ఎంచింది అండాలే. ఇది ముందు నడుస్తుంది, మిగతావి దీని వెంబడి నడుస్తాయి అని చూడగానే చెప్పింది. పెద్దులు కూడా అవునన్నాడు, అది అరుదైన సంగతి.

వాళ్ళ దగ్గర రెండు క్యాన్ల నీళ్ళున్నాయి. అండాలు ఒక క్యాను తీసుకుని చెంబుతో కడ్డీల మధ్య నుంచి పోయడం మొదలుపెట్టింది. బొల్లిదాని మూతి తడిపింది, దాని పక్కదానికి తాగించింది. ముందు వరస వాటికే అందాయి. లోపలివాటికి చెయ్యి చేరదు, కింది అంతస్తులో మధ్యన ఉన్నవాటికి గాలే చేరదు. క్యాను అడుగంటింది.

"ఇగో" అంది చివరికి. "గా కానుగ చెట్ల కిందికి దింపుదమా? నేను ముందల నిలవడి కాస్త. ఒక్కటి కూడ పోకుంట సూస్త."

పెద్దులు చివాలున తిరిగాడు. "మల్ల దింపుడా? ఒక్కసారి మంద తిన్నది సాలలేదా నీకు?"

అంతే. ఆ మాట తగిలాక అండాలు ఇక నోరెత్తలేదు. నా చెలక, నా గొర్రెలు, నేను దింపుతాను, ఏం చేస్తావో చెయ్యి అని లోపల ఒక అండాలు అరిచింది. బయటి అండాలు ఖాళీ క్యాను మూత బిగించింది. దింపాక ఏ ఒక్కదానికి ఏమైనా, చచ్చేదాకా ఆ నింద మోయాలి. ఒక నింద మోయడానికే ఆమె నడుము వంగిపోయింది.

సంగారెడ్డి బండి నంబరు కారు ఒకటి ఆగింది. లోపలి నుంచి ఒక పెద్దావిడ తల బయట పెట్టి, "అయ్యో పాపం, దింపి నీడకు కట్టేయండయ్యా" అంది. "మీ తొవ్వ మీరు పోండ్రమ్మా" అన్నాడు పెద్దులు. వాళ్ళు ఒక నీళ్ళ సీసా అండాలు చేతిలో పెట్టి పోయారు.

ఇంకాసేపటికి గొర్రెలు అరవడం మానేశాయి. గొర్రెలు కాసేవాళ్ళకు ఈ సంగతి తెలుసు. అరుస్తున్నంతసేపూ భయం లేదు. అరుపు ఆగితేనే భయం. పెద్దులుకు కూడా తెలుసు. అతని కాళ్ళు నిలవలేదు. బండి చుట్టూ తిరిగాడు, చక్రం దగ్గర వంగి చెయ్యి పెట్టి చూశాడు, ఉఫ్ అని వెనక్కి తీశాడు. మళ్ళీ తిరిగాడు.

"ఇది సల్లవడ్డదంటే మెల్లగనన్న కిందికి తీస్కపోవచ్చు. డ్రైవర్ వచ్చేసరికి సల్లగ జేసిపెడ్త" అని రెండో క్యాను మూత తీశాడు.

అండాలు లేచి నిలబడింది. "వద్దు. నీళ్ళు పొయ్యొద్దన్నడు ఆయన. సుక్క కూడ వద్దన్నడు."

"ఆయినకేం, జీవాలు ఆయినయా? కమ్మరాయన ఎర్రగ కాలిన కర్రు తెచ్చి నీళ్ళల్ల ముంచుతడు. ఏమైతది కర్రుకు? ఇంకింత గట్టివడ్తది. ఇనుముకు నీళ్ళంటే భయమా?"

"జీవాలకన్న తాపు గవ్వి. ఉన్నయే గా నీళ్ళు."

"బండి కదిల్తెనే జీవాలు బతికేది!" అని క్యాను ఎత్తి వెనక చక్రం మీద కుమ్మరించాడు.

చుయ్యిమని ఆవిరి లేచింది. పెద్దులు మొహం తిప్పుకున్నాడు. ఆ ఆవిరిలోంచి ఠాప్ మని ఒక చప్పుడు వచ్చింది. పెద్ద చప్పుడేం కాదు. కుండ పెటిలినప్పుడు వస్తుందే, అంత. అండాలు గుండెలో మాత్రం అది చాలా గట్టిగా వినిపించింది. క్యానులో మిగిలిన నీళ్ళు కంకరలో ఇంకిపోయాయి.

బాలస్వామి ఎవరిదో బైకు వెనక కూర్చుని, బ్రేకు ఆయిల్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చేసరికి ఎండ కాస్త వాలింది. దిగుతూనే తడి చూశాడు. చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని తొంగి చూశాడు. చక్రం లోపలి బ్రేకు డ్రమ్ము మీద ఆ అంచు నుంచి ఈ అంచు దాకా వెంట్రుక లాంటి చీలిక. వేలితో దాని పొడుగునా రాశాడు. డబ్బా పక్కన పెట్టి కంకర మీద అలాగే కూలబడ్డాడు.

"ఎవలు పోసిండ్రు?"

పెద్దులు ఖాళీ క్యానును కాలితో బండి కిందికి నెట్టాడు. బాలస్వామి అండాలు వైపు చూడలేదు, చూడనక్కర్లేదు.

"ఇగ ఇది నడ్వదన్నా. పగిలిన డ్రమ్ముతోని ఘాటు దిగితే మనం ముగ్గురం గా లోయల ఉంటం. అచ్చంపేట నుంచి వేరే బండి రావాలె. చెప్పిన నేను. సుక్క కూడ వద్దని చెప్పిన." అతని గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "ఇప్పటికన్న దింపుండ్రి."

పెద్దులు నడుముకు కట్టుకున్న బండారి సంచిని గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు. దింపుతానన్నాడా, వద్దన్నాడా, ఏమీ లేదు. అండాలు అతని మొహం చూసింది. ఆ మొహంలో ఒప్పుకోలు కనిపిస్తుందేమో అని ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆగలేదు.

కొంగు నడుముకు చుట్టి, బండి వెనక ఎక్కి, తలుపు గడియ లాగింది. గడియ కాలుతోంది. చెయ్యి కాలినా వదల్లేదు. తలుపు తెరుచుకుంది. బొల్లి గొర్రె మెడ చుట్టూ చెయ్యి వేసి, బతిమాలి, లాగి, పలక మీదుగా కిందికి దింపింది. అది కాళ్ళు వణుకుతూ రోడ్డు మీద నిలబడింది. అమ్మయ్య అనుకుంది అండాలు. గొర్రెలకు ఒకటి దిగితే చాలు, మిగతావి పిలవకుండానే దూకుతాయి. అది వాటి పుట్టుక గుణం. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

ఏదీ దూకలేదు.

"రా... త్రా త్రా..." అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. కింది అంతస్తులో గొర్రెలు బారుగా నిలబడే ఉన్నాయి. తలలు ఒకదాని వీపు మీద ఒకటి వాల్చి, అలసిపోయి నిద్రపోతున్నట్టు ఉన్నాయి. అండాలు ముందున్నదాని చెవి పట్టుకుని లాగింది. అది బిర్రబిగుసుకుని పక్కకు ఒరిగింది. దానికి ఆనుకుని నిలబడ్డది కూడా ఒరిగింది. దాని వెనకది కూడా. పడడానికి జాగా లేక ఇంతసేపూ అవి నిలబడే ఉన్నాయి.

అండాలు పెట్టిన కేకకు బాలస్వామి పరుగెత్తి వచ్చాడు. ఇద్దరూ కలిసి ఈడ్చి ఈడ్చి దింపారు. పై అంతస్తులో గాలి వైపు ఉన్నవి కొన్ని బతికి ఉన్నాయి. వాటిని ఎత్తుకుని కానుగ చెట్ల కిందికి చేర్చారు. కారువాళ్ళు ఇచ్చిన సీసా నీళ్ళు మూతుల్లో పోశారు. కొన్ని గుటకేశాయి, కొన్ని వేయలేదు. గుటకేసినవాటిలో కూడా రెండు మూడు, నీడ తగిలాక, ఇక చాలన్నట్టు తల వాల్చేశాయి. చచ్చినవాటిని రోడ్డు పక్కన వరసగా పడుకోబెడుతూ పోతే వరస మలుపు దాకా పోయింది.

అప్పుడు కదిలాడు పెద్దులు. బండారి సంచి ముడి విప్పాడు. మలుపు దగ్గర మొదలుపెట్టి, వంగి వంగి, ఒక్కొక్కదాని నుదుటి మీద చిటికెడు చిటికెడు పసుపు చల్లుకుంటూ వచ్చాడు. ఊరి పొలిమేరలో చల్లాల్సిన పసుపు. సంచి ఖాళీ అయినా వరస అయిపోలేదు. ఖాళీ సంచిని దులిపి, ఆ దుమ్మునే మిగతావాటి మీద రాల్చాడు.

అండాలు కానుగ చెట్టు కింద బొల్లి గొర్రె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పెద్దులు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"నువ్వన్న జర గట్టిగ చెప్పకపోతివి, అండాలూ."

అండాలుకు ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా చల్లబడిపోయింది. కోపం వస్తుందేమో అని చూసుకుంది, రాలేదు. జాలి కూడా రాలేదు. ఇన్నేళ్ళూ తను మోసిన నింద బరువు ఎంతో ఆమెకు తెలుసు. ఇప్పుడు ఇంకొకటి వచ్చి దాని పక్కనే కూర్చుంటోంది, అంతే.

"గట్టిగనే చెప్త కని, నాకొక్క మాట చెప్పు" అంది. "రేపు ఊళ్ళె ఏమని చెప్తవు? మా ఆడది దింపింది అంటవా, దింపలేదు అంటవా?"

పెద్దులు ఆమె మొహంలోకి చూశాడు. తల రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. పైన రోడ్డు మీద బాలస్వామి చక్రం మీద అరచెయ్యి ఆనించి చూశాడు. డ్రమ్ము చల్లగా ఉంది. అండాలు బొల్లి గొర్రె తలను మెల్లగా నేల మీద ఆనించి, బతికినవాటిని లెక్కపెట్టడానికి లేచింది. ఆ లెక్కకు రెండు చేతుల వేళ్ళు కూడా ఎక్కువే అయ్యాయి.